గేటు దాటుటకు ముందు మూడేండ్లు

సికింద్రాబాదుకు ఈశాన్యమున, కాప్రాకు చేరువలో ఏ.ఎస్. రావు నగర్ అను పేట కలదు. పశ్చిమ గోదావరి సీమలో జన్మించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునందును, అమెరికాలోని స్టాన్‌ఫర్డునందును చదివి, అణుశక్తి శాఖలో ఎలక్ట్రానిక్సు విభాగమును పెంచిన అయ్యగారి సాంబశివరావుగారి (1914–2003) పేర ఇది వెలసినది. ఆయన 1967 ఏప్రిలులో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌కు, అనగా జనులు ఇ.సి.ఐ.ఎల్. అని పిలుచుకొను సంస్థకు, మూలపురుషుడు. ఆ సంస్థ ఉద్యోగులు కట్టుకొన్న ఇండ్లతో పెరిగిన పేటకు ఆయన పేరు నిలిచినది.

ఈ పేట చుట్టును కొద్ది మైళ్లలో ఎన్ని ఉద్యోగవర్గములు ఉన్నవో చూడుడు. ఒకవైపు ఇ.సి.ఐ.ఎల్.; దానికి సమీపముననే 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు. దక్షిణమున మౌలాలి, లాలాగూడలలో రైల్వేవారు. పశ్చిమమున మాజీ సైనికుల నివాసముగా పేరొందిన సైనిక్‌పురి. తూర్పున కుషాయిగూడ, చర్లపల్లి పారిశ్రామికవాడలలో చిన్న పెద్ద కర్మాగారముల కార్మికులు. ఈ అయిదు వర్గములలో ఒక్కొక్కరు చొప్పున అయిదుగురు పెద్దలు ఉదయపు నడక ముగించి ఒకే రాతిబల్లపై కూర్చుండిరని అనుకొందము. వయస్సు ఇంచుమించు సమానము. జేబులోని మాత్రలు కూడ ఇంచుమించు ఒకటే. రక్తపోటుకు ఒకటి, మధుమేహమునకు ఒకటి. కాని “రేపు గుండెనొప్పి వచ్చినచో ఏ ఆస్పత్రికి పోవుదురు, డబ్బు ఎవరిత్తురు?” అని అడిగినచో అయిదు వేర్వేరు సమాధానములు వచ్చును. ఒకే నీరు త్రాగి, ఒకే గాలి పీల్చిన ఇరుగుపొరుగు వారికి ఈ భేదము ఎట్లు కలిగినది? దీనికి సమాధానము వైద్యశాస్త్రములో లేదు, చరిత్రలో ఉన్నది. ఆ చరిత్ర తెలిసినవారికి, ఉద్యోగ విరమణకు ముందు తాము ఏమి చేయవలెనో కూడ తెలియును.

రోగమునకు బీమా అను ఊహ మొదట కర్మాగారపు గేటు లోపల పుట్టినది. 1883లో జర్మనీలో బిస్మార్కు ప్రభుత్వము కార్మికులకు అస్వస్థతా బీమా శాసనమును చేసెను. బ్రిటను 1911లో ఆ మార్గము పట్టెను. కార్మికుని కూలి నుండి కొంత, యజమాని నుండి కొంత తీసికొని ఒక నిధి చేసి, జబ్బుపడినవానికి దాని నుండి సాయము చేయుట ఈ పద్ధతి. దీని బలము ఇందులోనే ఉన్నది. దీని బలహీనత కూడ ఇందులోనే ఉన్నది. కూలి ఉన్నంతవరకు చందా ఉండును; చందా ఉన్నంతవరకు రక్షణ ఉండును. కూలి ఆగిననాడు, అనగా మనుష్యునకు వైద్యముతో పని హెచ్చునాడు, రెండును ఆగిపోవును. ఈ చిక్కును విప్పుటకు ప్రపంచము డెబ్బది, ఎనుబది ఏండ్లు పెనుగులాడినది.

మన దేశమున బీమా అనగా మొదట ప్రాణమునకే. ఆంధ్రదేశమున డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. ఆయన స్వయముగా వైద్యులు. నాడి పట్టిన చేయి అది. అయినను ఆ కాలమున ఆయన వంటివారు కూడ సామాన్యునికి అందించగలిగినది జీవిత బీమాయే. కుటుంబ పెద్ద మరణించినచో వెనుక ఉన్నవారికి అన్నము దొరకవలెనను చింత అప్పటికి గొప్పది. ఆయన చావక, మంచము పట్టి బ్రతికినచో ఆస్పత్రి బిల్లు ఎవరు చెల్లింతురను ప్రశ్న అప్పటికింకను రాలేదు. ఏలయనగా అప్పటి ఆస్పత్రులలో ఖరీదు పెట్టి చేయదగిన చికిత్సలే కొద్ది.

ఆ ప్రశ్న మొదటిసారి గట్టిగా వినబడినది రెండవ ప్రపంచయుద్ధ కాలమున. భారత ప్రభుత్వము 1943లో ఆచార్య బి.పి. అదార్కరును కార్మికుల ఆరోగ్య బీమా గూర్చి ఒక పథకము వ్రాయుమని నియమించెను. ఆయన 1944లో నివేదిక సమర్పించిరి. దానిని ఆధారము చేసికొని 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము వచ్చెను. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోను, ఢిల్లీలోను ఆ పథకము ఆచరణలోనికి వచ్చెను. 1955లో హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరములకు చేరెను. ఈ.ఎస్.ఐ. అని కార్మికులు పిలుచునది ఇదియే. మన రాతిబల్లపై కూర్చున్న కుషాయిగూడ కార్మికుడు ఈ శాసనపు బిడ్డ.

ఈ పథకములో జీతపు పరిమితి ఒకటి ఉన్నది. మొదట నెలకు 400 రూపాయలుగా ఉండి క్రమక్రమముగా పెరిగి 2017 జనవరి నుండి 21,000 అయినది. ఈ పరిమితిని దాటిన కార్మికుడు పథకమునకు వెలుపలివాడగును. జీతము పెరిగెనని ఇంటిలో మిఠాయి పంచిననాడే వైద్యరక్షణ పోవుట ఈ ఏర్పాటులోని చమత్కారము. ఇక వయోవృద్ధుని సంగతి: కనీసము అయిదేండ్లు బీమాలో ఉండి, పదవీ విరమణ వయస్సు నిండి గేటు దాటిన కార్మికుడు నెలకు 10 రూపాయల వంతున, ఏడాదికి 120 రూపాయలు ముందుగా చెల్లించినచో తనకును తన భార్యకును ఈ.ఎస్.ఐ. వైద్యము కొనసాగును. ఏడాదికి 120 రూపాయలతో దంపతులిద్దరికి ఆస్పత్రి రక్షణ మరి ఎచ్చటను దొరకదు. జీతపు పరిమితి దాటి ముందే వెలుపలికి పోయినవారి విషయమున కూడ ఈ నిబంధనను కొంత సడలించుటకు ఆ సంస్థ 2024లో నిర్ణయించినది. అయినను గేటు దాటునప్పుడు ఈ మాట చెవిని వేయువారు లేక, ఈ హక్కును అడుగకయే ఊరకుండిపోవువారు ఉండవచ్చును. గుర్తింపు పత్రములును, సేవాకాలపు వివరములును ఉద్యోగములో ఉండగానే సరిచూచుకొన్నవారికి ఇది సులభము. తరువాత వెదకికొనువారికి కష్టము.

ప్రభుత్వోద్యోగుల కథ వేరు. 1954లో ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము ఆరంభమై, 1976లో హైదరాబాదునకు వచ్చెను. ఇందులో పింఛనుదారులకు చోటున్నది. ఏటేటా చందా కట్టవచ్చును. లేదా పదేండ్ల చందా ఒక్కసారి చెల్లించి యావజ్జీవ కార్డును పొందవచ్చును. అణుశక్తి శాఖ తన ఉద్యోగులకు చందాతో కూడిన ప్రత్యేక ఆరోగ్య పథకమును నడుపుచున్నది. రైల్వేలు 1997లో రిటైరైన ఉద్యోగుల కొరకు ఉదారీకృత ఆరోగ్య పథకమును ప్రవేశపెట్టినవి. ఒక్కసారి చందా చెల్లించిన పిమ్మట రైల్వే ఆస్పత్రి ద్వారము మూయబడదు. మాజీ సైనికుల కొరకు 2003 ఏప్రిల్ 1న ప్రత్యేక చందా ఆరోగ్య పథకము మొదలైనది. ఈ విధముగా బల్లపై కూర్చున్న అయిదుగురిలో ముగ్గురు, అనగా అణుశక్తి శాఖవారు, రైల్వేవారు, సైనికులు, తమ సేవకు ప్రతిఫలముగా వృద్ధాప్యమునకు సరిపడు గొడుగును పొందినారు.

మిగిలిన ఇద్దరిలో కార్మికుని సంగతి చెప్పితిమి. నడుమనున్నవాడు ప్రభుత్వరంగ సంస్థ ఉద్యోగి. పేరులో ప్రభుత్వము ఉన్నది గాని పింఛను విషయమున ఇతడు ప్రభుత్వోద్యోగి కాడు. ఇతనికి ఉన్నవి భవిష్యనిధి, గ్రాట్యుయిటీ, 1995 నవంబరు 16 నుండి అమలులోనికి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకము. ఆ పథకపు కనీస పింఛను 2014లో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయింపబడినది. దానితో వైద్యము ముడిపడి లేదు. 2008లో కేంద్ర ప్రభుత్వము ప్రభుత్వరంగ సంస్థలకు ఒక వెసులుబాటు కల్పించెను: మూలవేతనము, కరువుభత్యములలో 30 శాతము మించకుండ భవిష్యనిధి, గ్రాట్యుయిటీ, పింఛను, విరమణానంతర వైద్యము అను నాలుగింటికిని ఏర్పాటు చేయవచ్చునని. అందువలన ఈ వైద్యసౌకర్యము సంస్థ స్తోమతను బట్టియు, నిబంధనలను బట్టియు మారును. లాభములు గడించు సంస్థలో అది బలముగా ఉండవచ్చును. మరియొకచోట పలుచగా ఉండవచ్చును. చిన్న ప్రైవేటు కంపెనీలో పనిచేసి రిటైరగు వానికి తరచుగా ఏమియు ఉండదు. కంపెనీ ఉద్యోగులందరికి కలిపి తీసికొన్న గ్రూపు బీమా ఆఖరి జీతముతోనే ముగియును.

గ్రూపు బీమాను నమ్ముకొని ముప్పది ఏండ్లు నిశ్చింతగా ఉన్న మనుష్యుడు, అరువదవ ఏట మొట్టమొదటిసారి బీమా కంపెనీ తలుపు తట్టును. ఈ తలుపు చరిత్ర ఇప్పుడు చూతము.

1973 జనవరి 1న సాధారణ బీమా జాతీయమై, 107 కంపెనీలు కలిసి నాలుగు సంస్థలుగా రూపొందినవి: కలకత్తాలో నేషనల్, బొంబాయిలో న్యూ ఇండియా, ఢిల్లీలో ఓరియంటల్, మద్రాసులో యునైటెడ్ ఇండియా. ఈ నాలుగును 1986లో మెడిక్లెయిమ్ అను పాలసీని తెచ్చినవి. గేటులోపలి జీతగాడే కానక్కరలేదు, సామాన్య గృహస్థు ఎవరైనను ప్రీమియం కట్టి ఆస్పత్రి ఖర్చునకు రక్షణ పొందవచ్చునన్న మాట దేశములో విస్తారముగా వినబడినది అప్పుడే. కాని ఆ పాలసీలో ఒక గట్టి కట్టుబాటు ఉండెను. పాలసీ తీసికొనునాటికే ఉన్న వ్యాధికి చెల్లింపు లేదు. ఇది ఏడాదికో రెండేండ్లకో తీరు నిషేధము కాదు, ఎల్లకాలపు నిషేధము. నలుబదియైదేండ్లకు మధుమేహము వచ్చినవాడు యాబదియెనిమిదేండ్లకు పాలసీ తీసికొన్నచో, మధుమేహముతో ముడిపడిన మూత్రపిండపు జబ్బునకు దాని వలన పైసా దొరకదు. ముసలితనమున జబ్బులన్నియు పాత జబ్బుల బిడ్డలే కదా! అందువలన ఎవరికి ఎక్కువ అవసరమో వారికే ఆ పాలసీ తక్కువ ఉపయోగపడెను.

ఈ గోడ ఒక్కసారి కూలలేదు. ఇటుక ఇటుకగా తీయబడినది. 1999 చట్టముతో బీమా నియంత్రణ సంస్థ ఏర్పడి, 2000లో ప్రైవేటు కంపెనీలకు ద్వారము తెరచెను. 2001లో ఆ నియంత్రణ సంస్థ కార్యస్థానము ఢిల్లీ నుండి హైదరాబాదునకు మారినది. దేశమంతటి బీమా నిబంధనలు నాటినుండి మన ఊరిలోనే వ్రాయబడుచున్నవి. అదే 2001లో సుప్రీంకోర్టు ఒక మెడిక్లెయిమ్ వ్యాజ్యములో, ప్రభుత్వరంగ బీమా సంస్థ తన ఇచ్చవచ్చినట్లు పాలసీ పునరుద్ధరణను నిరాకరింప రాదని తీర్పు చెప్పెను. 2008లో కంపెనీలు పాత వ్యాధికి ఒకే నిర్వచనమును అంగీకరించి, పాలసీ నాలుగేండ్లు ఎడతెగక సాగినచో ఆ వ్యాధికి కూడ చెల్లింపవలెనను పద్ధతికి వచ్చినవి. 2011 అక్టోబరు నుండి, అప్పటివరకు గడచిన నిరీక్షణ కాలమును పోగొట్టుకొనకుండ ఒక కంపెనీ నుండి మరియొక కంపెనీకి మారు హక్కు వచ్చెను. 2013 నిబంధనలతో పాలసీని జీవితాంతము పునరుద్ధరించుకొను హక్కు స్థిరపడెను. 2020 ఏప్రిలులో అన్ని కంపెనీలును ఒకే నిబంధనలతో అమ్మవలసిన ఆరోగ్య సంజీవని అను ప్రామాణిక పాలసీ వచ్చెను. ఇక 2024 ఏప్రిల్ 1న వచ్చిన నిబంధనలు మూడు ముఖ్యమైన మార్పులు చేసినవి. అరువదియైదేండ్లు దాటినవారికి పాలసీలు అమ్మనక్కరలేదను పాత హద్దు పోయినది. పాత వ్యాధికి నిరీక్షణ కాలము నాలుగేండ్ల నుండి గరిష్ఠముగా మూడేండ్లకు తగ్గినది. అయిదేండ్లు ఎడతెగక ప్రీమియం కట్టినవాని క్లెయిమును, మోసము ఋజువైనప్పుడు తప్ప, “నీవు ఫలానా సంగతి చెప్పలేదు” అని త్రోసిపుచ్చుటకు వీలులేదు. అంతకుముందు ఈ గడువు ఎనిమిదేండ్లు.

1986లో “ఎన్నటికిని లేదు”, 2008లో “నాలుగేండ్లకు”, 2024లో “మూడేండ్లకు”. నలుబది ఏండ్ల చరిత్ర సారము ఈ మూడు మాటలలో ఉన్నది. రిటైరు కాబోవు వ్యక్తి ఈ వ్యాసము నుండి జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి ఒక్కటే ఉన్నచో, అది ఈ మూడేండ్ల సంఖ్యయే. నిరీక్షణ కాలమును ఎట్లైనను గడపవలసినదే. దానిని ఉద్యోగములో ఉండగా గడిపినవానికి నష్టము లేదు. ఆ మూడేండ్లలో జబ్బుచేసినను కంపెనీ గ్రూపు బీమా ఉన్నది. రిటైరైన మరునాడు పాలసీ తీసికొన్నవాడు ఆ మూడేండ్లును తన మధుమేహమునకు, తన గుండెకు తానే పూచీదారుడై ఎండలో నిలువవలెను. ఒకే పాలసీ, ఒకే మనుష్యుడు. యాబదియేడవ ఏట తీసికొన్నదానికి, అరువదవ ఏట తీసికొన్నదానికి ఇంత తేడా. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట అనునది ఇటువంటి చోటనే పుట్టిన మాట.

“ఉద్యోగములో బీమా ఉండగా మరియొకటి ఎందుకు, ఉత్త దండుగ” అని ఇంటిలో అనుట సహజము. ఆ మూడేండ్ల ప్రీమియం దండుగ కాదు. అది నిరీక్షణ కాలమును కొనుటకు ఇచ్చు వెల.

అనుబంధ బీమా ఎన్నికలో మరియొక దేశపు అనుభవము మనకు పనికివచ్చును. అమెరికాలో 1965లో అరువదియైదేండ్లు దాటినవారికి మెడికేర్ అను ప్రభుత్వ బీమా వచ్చెను. అది ఖర్చునంతటిని భరింపదు. మిగిలిన ఖాళీని పూడ్చుటకు ప్రైవేటు కంపెనీలు అనుబంధ పాలసీలు అమ్మసాగినవి. భయపడిన వృద్ధులకు ఒకే ఖాళీని పూడ్చు పాలసీలు రెండు మూడు అంటగట్టిన ఏజెంట్లు కూడ ఉండిరి. తుదకు 1990లో అక్కడి శాసనసభ ఆ పాలసీలను కొద్ది ప్రామాణిక రూపములకు కుదించి, ఒకదానిపై ఒకటి అమ్ముటను అరికట్టెను. అరువదియైదేండ్లు నిండి మెడికేర్‌లోని వైద్యభాగమున చేరిన పిమ్మట ఆరు నెలలు, జబ్బు ఉన్నదను నెపముతో నిరాకరించుటకు వీలులేని గడువుగా ఏర్పరచెను. ఆ ఆరు నెలలు జారవిడిచినవారికి తరువాత ఆ సౌకర్యము అంత సులభముగా దొరకదు. ఇందులో మనకు రెండు పాఠములున్నవి. అనుబంధ బీమాకు అర్థము ఖాళీని పూడ్చుట. ఖాళీ ఎంతయో కొలువకుండ కొన్నది దండుగ. ఆ ద్వారము తెరచియుండు కాలము కొద్ది.

కనుక మొదట చేయవలసినది కొనుట కాదు, కొలుచుట. ఒక కాగితముపై నాలుగు గీతలు గీయుడు. రిటైరైన పిమ్మట సంస్థ ఇచ్చు వైద్యము ఏమి. అది భార్యకు కూడ వర్తించునా. ఏడాదికి పరిమితి ఎంత. తన తదనంతరము భార్యకు కొనసాగునా? ఈ నాలుగు ప్రశ్నలకు సిబ్బంది విభాగమునుండి వ్రాతపూర్వకముగా సమాధానము తీసికొనవలెను. కేంద్ర ప్రభుత్వ పథకమో, రైల్వే పథకమో, సైనికుల పథకమో ఉన్నవారికి అదియే మూలస్తంభము. వారికి అదనపు పాలసీ అవసరము తక్కువ. ఈ.ఎస్.ఐ. హక్కు ఉన్నవారు దానిని విడువరాదు. సంస్థ ఇచ్చునది పలుచగా ఉన్నవారు, లేదా ఏమియు లేనివారు, తమకు స్వంతముగా ఒక మూల పాలసీని ఏర్పరచుకొనవలెను.

మూల పాలసీపై వచ్చు అనుబంధము రెండు విధములు. వీనిని టాప్ అప్ అనియు, సూపర్ టాప్ అప్ అనియు అందురు. రెండింటిలోను డిడక్టిబుల్ అనునది ఒకటి ఉండును. అనగా ఖర్చులో మొదటి ఇంత భాగము ఈ పాలసీకి సంబంధింపదు, దానిపైన అయినది మాత్రమే ఇది చెల్లించును. ఉదాహరణము చూడుడు. మూల పాలసీ 5 లక్షలు. అనుబంధపు డిడక్టిబుల్ కూడ 5 లక్షలు. ఒక ఏడాదిలో రెండుసార్లు ఆస్పత్రిలో చేరి, ఒక్కొక్కసారి 4 లక్షలు అయినవి. మూల పాలసీ మొదటిసారి 4 లక్షలును, రెండవసారి మిగిలిన 1 లక్షయు ఇచ్చును. ఇంకను 3 లక్షల లోటు. టాప్ అప్ ప్రతి బిల్లును విడిగా చూచును. ఏ బిల్లును 5 లక్షలు దాటలేదు కనుక ఏమియు ఇయ్యదు. సూపర్ టాప్ అప్ ఏడాది మొత్తమును కూడి చూచును. మొత్తము 8 లక్షలు, 5 పోగా 3 లక్షలు ఇచ్చును. వృద్ధులు ఒకే ఏడాది మాటిమాటికి ఆస్పత్రిలో చేరుట సాధారణము. కావున వారికి ఈ రెండవదియే సరియైనది. మూల పాలసీని 20 లక్షలకు పెంచుటకంటె, 5 లక్షల మూలముపై ఇట్టి అనుబంధమును చేర్చుట సాధారణముగా తక్కువ ఖర్చుతో అగును.

ఇచ్చట ఒక గోతి ఉన్నది. కంపెనీ గ్రూపు బీమాను మూలముగా భావించి అనుబంధమును మాత్రము స్వంతముగా తీసికొన్నవారు, రిటైరైన మరునాడు మూలము లేని గోపురము వలె నిలుతురు. మొదటి 5 లక్షలు తమ చేతినుండి పోయిన తరువాతనే పాలసీ మేల్కొనును. గ్రూపు బీమా ఇచ్చిన కంపెనీలోనే వ్యక్తిగత పాలసీకి మారుటకు నిబంధనలలో దారియున్నది. గడచిన కాలమునకు లెక్క దొరకును. కాని ఆ గ్రూపు రక్షణ ముగియక మునుపే దరఖాస్తు చేయవలెను. ఉద్యోగపు ఆఖరి నెలలో వీడ్కోలు సభకు శాలువలు కొనువారు ఈ కాగితమును కూడ తలచుకొనుట మేలు.

పాలసీ చదువునప్పుడు ప్రీమియంకంటె ముందుగా చూడవలసినవి మరి రెండు. గది అద్దె పరిమితి మొదటిది. పాలసీ రోజుకు 5,000 రూపాయల గదికి అంగీకరించి, రోగి 10,000 రూపాయల గదిలో చేరినచో, పాలసీలోని నిబంధనను బట్టి గది అద్దె మాత్రమే కాక, దానితో సంబంధించిన ఇతర ఖర్చులు కూడ సగమునకు కోతపడవచ్చును. కో-పే రెండవది, అనగా ప్రతి క్లెయిములోను రోగి భరించు వంతు. ఆరోగ్య సంజీవనిలో ఇది 5 శాతము. వృద్ధుల కొరకే ప్రత్యేకమని అమ్ము పాలసీలలో ఇంతకంటె చాల హెచ్చుగా ఉండవచ్చును. ప్రీమియం తక్కువయని సంతోషించు ముందు ఈ వంతు ఎంతయో లెక్కవేయవలెను.

దరఖాస్తులో జబ్బును దాచుట మాత్రము ఎన్నడును చేయరాదు. “మాత్ర వేసికొనుచున్న సంగతి వ్రాయకండి, పాలసీ త్వరగా వచ్చును” అని చెప్పు మధ్యవర్తి, క్లెయిమునాడు కనబడడు. చెప్పిన జబ్బునకు మూడేండ్ల నిరీక్షణ. దాచిన జబ్బునకు పాలసీయే పోవు ప్రమాదము. పాలసీ చేతికి వచ్చిన పిమ్మట నచ్చనిచో తిరిగి ఇచ్చివేయుటకు 2024 నుండి 30 దినముల గడువు ఉన్నది. కంపెనీతో వివాదము వచ్చినచో బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయము హైదరాబాదులోనే ఉన్నది. 1998 నిబంధనలతో ఏర్పడిన ఈ వ్యవస్థకు రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

ఇటీవలి ప్రభుత్వచర్యలు రెండు మూడు వృద్ధులకు అనుకూలముగా వచ్చినవి. 2025 జనవరిలో నియంత్రణ సంస్థ, అరువదేండ్లు దాటినవారి ప్రీమియంను తనతో ముందుగా సంప్రదింపక ఏడాదికి 10 శాతము మించి పెంచరాదని కంపెనీలను ఆదేశించెను. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై అంతవరకు ఉన్న 18 శాతపు జి.ఎస్.టి. తొలగినది. పేద కుటుంబముల కొరకు 2007 ఏప్రిల్ 1న నాటి ఆంధ్రప్రదేశములో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచెను. కేంద్రము 2024 అక్టోబరు 29న, డెబ్బదేండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఆయుష్మాన్ భారత్ క్రింద కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల చికిత్సను ప్రకటించెను. ప్రైవేటు పాలసీ గాని, ఈ.ఎస్.ఐ. గాని ఉన్నవారు కూడ దీనికి అర్హులు. కేంద్ర ప్రభుత్వ పథకము, మాజీ సైనికుల పథకము వంటివి ఉన్నవారు రెండింటిలో ఒకటి ఎన్నుకొనవలెను. తమ ఇంటికి దగ్గరనున్న ఏ ఆస్పత్రిలో ఈ కార్డు చెల్లునో, ఏ చికిత్సకు చెల్లునో ఆరోగ్యముగా ఉన్నప్పుడే విచారించుట వివేకము.

ఈ చరిత్రనంతటిని ఒకచోట చేర్చి చూచినచో ఒక సంగతి స్పష్టపడును. ఉద్యోగము ఉన్నంతకాలము గేటు లోపలి రక్షణ ఉన్నది. డెబ్బది నిండిన పిమ్మట ప్రభుత్వ రక్షణ కొంత ఉన్నది. నడుమ ఉన్నది పది, పండ్రెండేండ్ల వంతెన లేని వాగు. ప్రభుత్వరంగ సంస్థల, ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు ఆ వాగును దాటుటకు వంతెనను తామే కట్టుకొనవలెను. ఆ వంతెన పేరే అనుబంధ బీమా.

అందరికి పాలసీ కొను స్తోమత ఉండదు. కొన్నవారికి కూడ అది అన్నిటికి చాలదు. రోజువారీ మాత్రలు, నెలనెలా రక్తపరీక్షలు, కంటి అద్దములు, పండ్ల వైద్యము సాధారణముగా ఆస్పత్రి బీమాలోనికి రావు. వృద్ధుని సంసారమున చిల్లుపడునది తరచుగా ఇక్కడనే. భవిష్యనిధి సొమ్ము చేతికి వచ్చిననాడు కుమారుని ఫ్లాటుకో, కుమార్తె వివాహపు బాకీకో మొత్తము ఇచ్చివేయకుండ, ఒక భాగమును వైద్యనిధిగా వేరుగా దాచుకొనుట స్వార్థము కాదు. రేపు బిడ్డల ముందు చేయి చాపవలసిన అవసరమును తప్పించుకొనుట బిడ్డలకు కూడ ఉపకారమే.

మరల ఏ.ఎస్. రావు నగర్‌లోని రాతిబల్ల వద్దకు పోదము. అయిదుగురు పెద్దలును కాఫీ వేళకు ఇండ్లకు బయలుదేరుచున్నారు. వారిలో నలుగురి గొడుగులు చట్టములును, శాఖలును ముందే కుట్టి ఇచ్చినవి. అయిదవవానిది తాను కుట్టుకొనవలసినది. అతడు ఇంకను రిటైరు కాలేదనియు, వచ్చే ఏడు యాబదియేడు నిండుననియు అనుకొందము. అతనికి ఈ చరిత్ర చెప్పునది ఒక్కటే: ఈ సాయంత్రము కాగితముపై ఆ నాలుగు గీతలు గీయవలెను, భార్యను ప్రక్కన కూర్చుండబెట్టుకొనియే గీయవలెను. ఏలయనగా ఆ లెక్క ఇద్దరిదియు, ఆ పాలసీ కాగితములు ఏ పెట్టెలో ఉన్నవో ఇద్దరికిని తెలిసియుండవలెను.